నీళ్లు పోసిన నాటి లెక్క

మా అక్క బిడ్డకు మూడో ఏడు నడుస్తోంది. ఆ పిల్ల గురించి ఎవరు పలకరించినా మొదట బరువే అడుగుతారు. కిలోకు కాస్త పైన పుట్టిందని మా కాలనీలో అందరికీ తెలుసు కనుక అది సహజమే. బరువు ఇప్పుడు బాగానే ఉంది. మా ఇంట్లో మిగిలిన ప్రశ్న వేరు. దాని ఎడమ కంట్లో ఉన్న చూపు నిలుస్తుందా, పోతుందా అన్నది. కుడి కంటి సంగతి ఎప్పుడో తేలిపోయింది.

నేను బొగ్గుబాయిలో పనిచేస్తాను. డిప్లొమా చదివి, భూమి కింద గాలిలో ఏ వాయువు ఎంత ఉందో కొలిచే యంత్రాలను సరిచూసే ఉద్యోగంలో చేరాను. ఒక రీడింగు తప్పొస్తే వెనక్కి వెళ్లి, ఎక్కడ మొదలైందో ఒక్కొక్కటే చూసుకుంటూ రావడం మాకు నేర్పిన పద్ధతి. ఈ విషయాన్ని కూడా అలాగే చూడాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ అదే తేలుతుంది. తప్పు జరిగిన చోట ఎవరూ అజాగ్రత్తగా లేరు. అందరూ జాగ్రత్త పడుతూనే ఉన్నారు.

అక్కను జమ్మికుంటకు ఇచ్చాం. బావ అక్కడి పత్తి మార్కెట్లో బండ్లు తూచే కాంటా దగ్గర పని చేస్తాడు. తొలి కాన్పుకు అక్క నస్పూర్‌లో మా క్వార్టర్‌కు, అమ్మానాన్నల దగ్గరికి వచ్చింది; వాళ్లను మేం అవ్వ, బాపు అంటాం. ఏడో నెల దాటకముందే కాళ్లు, ముఖం వాచాయి. బీపీ దిగలేదు. మంచిర్యాలలో చూసిన డాక్టరమ్మ ఇక్కడ వద్దని కరీంనగర్ పంపింది. అక్కడ ఆపరేషన్ చేసి పిల్లను తీశారు. ఇరవై తొమ్మిదో వారం. కిలో వంద గ్రాములు.

బావ అద్దంలోంచి చూసి బయటికొచ్చాడు. తర్వాత నాతో, "బామ్మర్దీ, తేమ చూసెటందుకు మేం బండ్లకెల్లి తీసే పత్తి గింతకంటె ఎక్కువ ఉంటది" అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

పిల్లల డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి ఏయే ప్రమాదాలు ఏ వరుసలో వస్తాయో చెప్పాడు. నాకు ఆయన మీద గురి కుదిరింది అందుకే. మొదట ఊపిరి. ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదు కాబట్టి వాటిని తెరిచి ఉంచే మందును గొట్టం ద్వారా లోపలికి వేయాలి. తర్వాత మెదడులో రక్తస్రావం. దానికి తల మీద స్కాన్ తీసి చూస్తారు. తర్వాత పేగులు. పాలు కొంచెం తొందరపడి పెంచినా పేగు దెబ్బతినవచ్చు. వీటన్నిటి మధ్య ఏ రోజైనా రక్తంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. చివరన కళ్లు, చెవులు. కళ్ల గురించి ఆయన చెప్పాడు, అందులో అనుమానం లేదు. కానీ ఊపిరి నిలుస్తుందో లేదో తెలియని పిల్ల కళ్ల గురించి వినే ఓపిక ఆ గదిలో ఎవరికీ లేదు.

ఊపిరి దగ్గరే మేం చాలా రోజులు ఆగిపోయాం. పిల్ల ఊపిరి తీయడం మర్చిపోయేది. అంత నెలలు తక్కువ పిల్లల మెదడుకు ఆ పని ఇంకా అలవాటు కాదట. యంత్రం మోగేది. సిస్టర్ వచ్చి అరికాలి మీద వేలితో తట్టేది. ఏదో గుర్తొచ్చినట్టు ఛాతీ మళ్లీ కదిలేది. ఆ మధ్యలో గడిచే కాసేపూ అద్దం బయట నిలబడ్డ మేమందరం కూడా ఊపిరి తీసేవాళ్లం కాదు.

మా బాయిలో ఆక్సిజన్ తగ్గితే యంత్రం మోగుతుంది. పెరగడం మాకు ప్రమాదం కాదు కాబట్టి దానికి మోత లేదు. దవాఖానలో తెర మీద పిల్ల ఆక్సిజన్ అంకె వందకు చేరినప్పుడల్లా అవ్వకు వేలుపెట్టి చూపించేవాణ్ణి. సిస్టర్ మాత్రం వచ్చి, మీట తిప్పి, దాన్ని తొంభైల దగ్గరికి దింపేది. అవ్వకు అది పిసినారితనంలా కనిపించింది.

"గంత ఎందుకు తగ్గిస్తున్నవ్ బిడ్డా? జర ఉండనియ్యరాదు" అంది ఒకరోజు.

"ఎక్కువైతె గూడ మంచిది గాదవ్వా" అంది సిస్టర్, తల తిప్పకుండానే.

"ఇంట్లకెల్లి తెచ్చిన గాలి అయినట్టు చేస్తది జూడు" అని అవ్వ నా చెవిలో గొణిగింది.

పిల్లను ఎదకు ఆనించి పడుకోబెట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. కంగారూ పద్ధతి అంటారు. పిల్ల కాస్త నిలకడగా ఉందని తేలాక అక్కను కూర్చోబెట్టారు. అక్కకు కుట్లు నొప్పిగా ఉన్నప్పుడు అవ్వ కూర్చునేది. దవాఖాన గౌను తొడుక్కుని, పిల్లను నిలువుగా రొమ్ముకు ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని పూటలకు పూటలు కదలకుండా ఉండేది. మా కాలనీలో ఎవరింట్లో పిల్ల పుట్టినా నీళ్లు పోయడానికి అవ్వనే పిలుస్తారు. ఏడ్చే పిల్ల కూడా ఆమె కాళ్ల మీద పడుకోగానే ఊరుకుంటుందని పేరు. ఆమెకు కూడా ఇంత చిన్నదాన్ని పట్టుకోవడం కొత్తే.

"పిట్టను పట్టుకున్నట్టే ఉన్నది కొడుకా. దీని గుండె కొట్టుకునుడు నా ఎదకు తెలుస్తున్నది" అంది.

మెదడు స్కాన్ బాగా వచ్చింది. పేగు నిలబడింది. ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చింది. పిల్ల బూడిద రంగుకు తిరిగింది. అక్కను పక్కన కూర్చోబెట్టి డాక్టరు మెల్లగా మాట్లాడాడు. మందులు మార్చి, రక్తం ఎక్కించాక తేరుకుంది. ఒక్కొక్క ప్రమాదం దాటిన కొద్దీ డాక్టరు చెప్పిన వరుసలోంచి ఒక్కొక్కటి నేను మనసులో కొట్టేసుకుంటూ వచ్చాను.

కంటి డాక్టరు బయటినుంచి వచ్చి అక్కడే రెండుసార్లు చూశాడు. రెండోసారి, మమ్మల్ని ఇంటికి పంపే ముందు. ఆయన చెప్పింది సిస్టర్ మాకు చెప్పింది: "ఇప్పటికైతె బాగనే ఉన్నది. లోపల రక్తనాళాలు ఇంక పూర్తిగ పెరగలే. రెండు వారాలకు మళ్ల చూపియ్యాలె, మరువకుండ్రి." ఆ మాటల్లోంచి ఎవరికి కావలసింది వాళ్లు తెచ్చుకున్నారు. బావకు "బాగనే ఉన్నది" మిగిలింది. అక్కకు "రెండు వారాలు" మిగిలింది.

ఆరో వారం దాటాక ఇంటికి పంపారు. పంపేటప్పుడు పిల్లల డాక్టరు బావను, నన్ను పిలిచి నిదానంగా చెప్పాడు. చేతులు కడుక్కోకుండా ముట్టవద్దు. చుట్టాలను రానివ్వవద్దు. పొగ వేయవద్దు. అవసరం లేకుండా బయట తిప్పవద్దు, ఊపిరికి చిన్న జలుబు కూడా ప్రమాదమే. తర్వాత ఇంకో మాట అన్నాడు.

"ఈ పాపను వేరే పిల్లలతో పోల్చకండి. మెడ నిలపలేదు, నవ్వలేదు అని కంగారుపడకండి. తొమ్మిది నెలలు నిండాల్సిన తారీఖు ఉంది కదా, వయసు అక్కణ్ణుంచి లెక్కపెట్టుకోండి."

బావకు ఆ మాట బాగా నచ్చింది. బండి బరువు తీసేసి సరుకు బరువు లెక్కకట్టడం ఆయనకు రోజూ ఉండే పనే. తక్కువ పడిన వారాలు తీసేస్తే మిగిలేదే అసలు వయసు అని దారి పొడుగునా అక్కకు వివరించాడు.

మాది మిషను రోజుల నుంచీ క్రైస్తవ కుటుంబం. మా పెద్దవాళ్లు చర్చిని ఇప్పటికీ గుడి అనే అంటారు. మా దగ్గర బాలింత, బిడ్డ పురుడు అయ్యేదాకా గడప దాటరు. ఇరవై ఒకటో రోజు చేసే వేడుకే పురుడు, దాని వెంట వచ్చే ఆదివారం మొదటిసారి బయటికి. అదీ గుడికి. ముందు గుడి చూడాలి, తర్వాతే తక్కిన ఊరు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి నూనె రాసేదాకా బిడ్డను పొరుగింటికి కూడా తీసుకుపోరు.

చిక్కు ఏమిటంటే ఈ పిల్లకు ఇరవై ఒకటో రోజు ఎప్పుడో గడిచిపోయింది. అప్పుడు అది ముక్కులో గొట్టంతో అద్దాల పెట్టెలో ఉంది. పురుడు ఎప్పుడు చేయాలో తేల్చడానికి జమ్మికుంట నుంచి అత్తమ్మ వచ్చింది. అక్క అత్తగారిని నేను అలాగే పిలుస్తాను.

"దవాఖానల దినాలు దినాలా వదినె? అక్కడ మన చెయ్యి పడ్డదా, మనం నీళ్లు పోసినమా?" అంది అత్తమ్మ.

"నేనూ గదే అంటున్న. నేను నీళ్లు పోసిన నాటి నుంచి పెడ్దాం" అంది అవ్వ.

నీళ్లు పోయడం అనేది కూడా పేరుకే జరిగింది. బరువు పెరిగేదాకా స్నానం వద్దని డాక్టరు చెప్పాడు కనుక అవ్వ మెత్తటి గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి ఒళ్లు తుడిచి, చివర్న అరచేతిలో పట్టినన్ని నీళ్లు పాదాల మీద వదిలింది. పొగ వేయలేదు. నూనె పెట్టి కాళ్లూ చేతులూ సాగదీయలేదు. ఎన్నో ఏళ్లుగా చేస్తూ వచ్చిన పనులన్నీ డాక్టరు మాట కోసం వదులుకుంది. మేం ఉన్న రెండు గదుల్లో ఒకటి తల్లీబిడ్డలకు వదిలి, బాపు బాయి నుంచి రాగానే వాకిట్లోనే స్నానం చేస్తే తప్ప లోపలికి రానిచ్చేది కాదు. నీళ్లు పోసిన ఆ రోజు నుంచి లెక్క మొదలైంది.

రెండు వారాల గడువు పురుడుకు ముందే పడింది. ఆ సంగతి మొదట ఎత్తింది అక్క. ఒక ఆదివారం మధ్యాహ్నం, బావ వచ్చి ఉన్నప్పుడు.

"అవ్వా, కండ్లకు రమ్మన్నది గీ మంగళారమేనే."

"పురుడు గాకముందు ఎట్ల తీస్కపోతవే?" అంది అవ్వ. "గుడి గూడ చూడలె అది. బయట తిప్పద్దని డాక్టరే గదా అన్నడు."

"కారు మాట్లాడుదాం, ఎవ్వలు తగలకుంట పోయి వద్దాం" అన్నాను.

"కారుల పోయినా అక్కడ కూసునేది జనం మధ్యలనే గదరా" అంది అవ్వ. "దగ్గే పిల్లలు, తుమ్మే పిల్లలు. ఒక్కసారి జలుబు తగిలితె మళ్ల గా డబ్బల పెడ్తరు. నువ్వు చూడలేదా గప్పుడు, దాని రంగు?"

బావ అన్నం కలుపుతూ నవ్వాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. కండ్లు రెండుసార్లు చూసిండు, బాగనే ఉన్నయన్నడు. డాక్టర్ సాబ్ లెక్క మీకు సమజ్ కాలే. నిండే తారీఖు నుంచి వయసు పెట్టమన్నడు గద. గా లెక్కన గీ పిల్ల ఇంక పుట్టనే లేదు. పుట్టని పిల్లకు కండ్ల పరీక్ష ఏంది?"

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. పెద్దవాళ్ల లెక్క, డాక్టరు లెక్క రెండూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. నాకు అందులో లోపం దొరకలేదు.

"పురుడు గానీ, గుడికి పోయొచ్చిన తెల్లారే పోదురు" అంది అవ్వ. "అంత దాంట్ల ఏమైతది?"

అంతలో ఏమవుతుందో తర్వాత తెలుసుకున్నాను. కంటి వెనక ఉండే పలుచని పొరకు రక్తనాళాలు మధ్యనుంచి అంచుల దాకా మెల్లగా పాకుతూ పెరగాలి. తొమ్మిది నెలలు నిండేసరికి ఆ పని పూర్తవుతుంది. ముందే పుట్టిన పిల్లలో అది సగంలో ఆగిపోతుంది; ఆక్సిజన్ ఎక్కువైతే మరీనూ, సిస్టర్ మీట తిప్పింది అందుకే. ఆగినవి కొన్నాళ్లకు మళ్లీ పెరగడం మొదలుపెడతాయి కానీ అడ్డదిడ్డంగా, గుత్తులు గుత్తులుగా పెరిగి, పీచులా గట్టిపడి, ఆ పొరను పట్టి లాగుతాయి. లాగగా లాగగా గోడ మీది తడి కాగితంలా పొర ఊడి వస్తుంది. ఇదంతా ముదిరేది కొద్ది వారాల్లోనే, సరిగ్గా నెలలు నిండే ముందు రోజుల్లో. పిల్ల ఇంకా పుట్టలేదని మేం నవ్వుకున్న రోజులు అవే. సమయానికి చూస్తే లేజర్‌తో ఆపవచ్చు.

బయటికి ఏదీ కనిపించదు. కన్ను ఎర్రబడదు, నీరు కారదు, నొప్పి లేదు. పిల్ల పాలు తాగింది, నిద్రపోయింది, బుగ్గలు వచ్చాయి. బావ వచ్చినప్పుడల్లా అంగన్‌వాడీ నుంచి తెచ్చిన ఉయ్యాల కాంటాలో తూచి, ముల్లు కదలడం ఆగేదాకా కళ్లార్పకుండా చూసేవాడు. ప్రతిసారీ పెరిగింది. మాకు చూడటం తెలిసిన ఒక్క కొలత ముందుకే పోతూ ఉంది.

పురుడు చిన్నగా చేశాం. ఆదివారం గుడికి తీసుకుపోయాం. అవ్వ ఎవరినీ ముట్టనివ్వలేదు. మొదటి వరుసలో కూర్చుని, చీర కొంగు అడ్డం పెట్టి కాపలా కాసింది. అయ్యగారు దూరం నుంచే చేయి చాపి నుదుట నూనె బొట్టు పెట్టి ప్రార్థన చేశాడు. బయట మెట్ల మీద ఎండ పడుతుంటే ఒకామె వంగి చూసి, "కండ్లు ఎంత పెద్దగున్నయే అమ్మా, అచ్చం నీ తీరే" అంది అక్కతో. పిల్ల కళ్లు తెరిచే ఉంది. అంత ఎండలో రెప్ప మూయలేదు. ఆ రోజు మాకు అది ముచ్చటగా కనిపించింది.

సోమవారం కారులో కరీంనగర్ పోయాం. అక్క, బావ, నేను. కంటి డాక్టరు దగ్గర పిల్ల రెప్పలు విడదీసి పట్టే చిన్న తీగ క్లిప్పు ఉంటుంది. మందు చుక్కలు వేసి, అది పెట్టి, నుదుటికి కట్టుకున్న దీపంతో చేతిలో అద్దం పట్టుకుని చూస్తాడు. పిల్ల గొంతు పోయేలా ఏడ్చింది. అక్క గోడ వైపు తిరిగి నిలబడింది. ఆయన కుడి కన్ను చూశాడు. ఎడమ కన్ను చూశాడు. మళ్లీ కుడి కంటికి వచ్చాడు.

దీపం తీసేసి అడిగాడు. "ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?"

"ఇంట్లనే ఉన్నం సార్" అన్నాడు బావ. "పురుడు కాలే, బయటికి తియ్యద్దని ఆగినం."

"రెండు వారాలకు రమ్మన్నాం కదా?"

"అన్నరు సార్. కానీ వయసు నిండే తారీఖు నుంచి లెక్కపెట్టమని పెద్ద డాక్టర్ సాబ్ చెప్పిండు. గా తారీఖు ఇంక రాలే."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. కుర్చీ మా వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"ఆ లెక్క నవ్వడానికి, మెడ నిలపడానికి, కూర్చోవడానికి. టీకాలకు కాదు, కళ్లకు కాదు. కళ్లకు పుట్టిన రోజు నుంచే. కుడి కంట్లో పొర పూర్తిగా ఊడిపోయింది. ఎడమ కంట్లో ఊడే దశలో ఉంది. ఈ రోజే హైదరాబాద్ పొండి. రేపు కాదు."

"రెండు కండ్లు పోయినయా సార్?" అక్క గోడ దగ్గర నుంచే అడిగింది.

"ఒకటి ఇంకా పోలేదమ్మా. దాని కోసమే పొమ్మంటున్నా."

హైదరాబాద్‌లో ఆ సాయంత్రమే ఎడమ కంటికి లేజర్ చేశారు, సూది మందు వేశారు. కుడి కంటికి ఆపరేషన్ చేసినా చీకటి, వెలుతురు తేడా తెలియడం మించి రాదని చెప్పారు. చిన్న ఊపిరితిత్తులకు మత్తుమందు మళ్లీ పరీక్ష అయింది. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఎడమ కంట్లో ఊడటం ఆగింది. కానీ అప్పటికే పొర ఒక పక్కకు లాగబడి మడత పడింది. ఆ మడత అలాగే ఉండిపోతుందని, కొంత చూపు ఉంటుందని, ఎంతో ఇప్పుడే తెలియదని అన్నారు.

ఇంటికి వచ్చిన రోజు అత్తమ్మ, అవ్వ వంటింటి గడపకు చెరో పక్కన కూర్చున్నారు.

"మీ ఇంట్లనే ఉండె గద వదినె పిల్ల. మేం జమ్మికుంటల ఉంటిమి" అంది అత్తమ్మ.

"దవాఖానల దినాలు దినాలా అన్నది ఎవ్వలు? నేనా?" అంది అవ్వ.

"నేనంటె నువ్వు తలకాయ ఊపాల్నా? కాలనీల అందరి పిల్లలకు నీళ్లు పోస్తవు. నీకు తెల్వదా?"

"నాకేం తెలుసు కండ్ల లోపల ఉన్నది? నేను పైన చూసే మనిషిని."

"కొడుకు డిప్లొమా చదివిండు గద. ఆయనకు గూడ తెల్వకపాయె."

లోపలి గదిలోంచి అక్క గొంతు వినిపించింది. పెద్దగా ఏమీ లేదు, మామూలుగానే ఉంది. "మీ ఇద్దరి లెక్కలు అయిపోయినంక చెప్పుండ్రి. దానికి పాలు పట్టాలె. అందాక జర సప్పుడు చెయ్యకుండ్రి."

బావ ఆ రోజు బయట చింతచెట్టు కింద నిలబడి లోపలికి రాలేదు. చీకటి పడ్డాక నేను పోయి పిలిస్తే, "నేను నవ్విచ్చిన బామ్మర్దీ. అందర్ని నవ్విచ్చిన" అన్నాడు. ఊరికే పక్కన నిలబడ్డాను.

అవ్వ ఆ తర్వాత ఎవరింటికీ నీళ్లు పోయడానికి పోలేదు. మొదట్లో పిలిచేవాళ్లు. నడుము నొప్పి అనేది. ఇప్పుడు పిలవడం మానేశారు. ఒకసారి మా వెనక లైనులో బరువు తక్కువ పిల్ల పుట్టిందని విని, ఆ ఇంటి వాకిలి దాకా పోయింది. గడప ఎక్కకుండా, కళ్లకు ఏ రోజు రమ్మన్నారో అడిగి, ఆ రోజే పొమ్మని చెప్పి వెనక్కి వచ్చింది. వాళ్లు పోయారో లేదో మాకు తెలియదు. తల్లిగారింటికి తీసుకుపోయారట.

పిల్ల విషయంలో తర్వాత వచ్చినవన్నీ డాక్టర్లు ముందే చెప్పినవే. మెడ ఆలస్యంగా నిలిచింది. కాళ్లు బిగుసుకున్నట్టు ఉండేవి. వ్యాయామం చేయిస్తూ చేయిస్తూ రెండేళ్లు దాటాక నడిచింది, ఇప్పటికీ మునివేళ్ల మీదే. చలికాలం వస్తే పిల్లికూతలు, మంచిర్యాల దవాఖానలో ఆవిరి మందు. చెవులు బాగున్నాయి. కుడి కన్ను చిన్నదై లోపలికి పోయింది. ఎడమ కంటికి లావుపాటి అద్దం పెట్టి, కళ్లజోడు జారకుండా తల వెనక రబ్బరు పట్టీ కట్టాం. ఏ వస్తువునైనా ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి, మడత పక్కన మిగిలిన చోటులోంచి చూస్తుంది. మనిషి కుడి వైపు నుంచి వస్తే ఉలిక్కిపడుతుంది. అందుకని మా ఇంట్లో అందరం ఎడమ వైపు తిరిగి వస్తాం. బాపు షిఫ్టు నుంచి వచ్చి, మంచం చుట్టూ తిరిగి ఎడమ పక్కకు పోయి, అప్పుడు పిలుస్తాడు.

ఈ ఎండాకాలం హైదరాబాద్‌లో చూపించినప్పుడు అంతదాకా లేని మాట విన్నాం. మడత లాగడం మళ్లీ మొదలైనట్టుందని డాక్టరమ్మ అంది. ఇప్పుడు కోస్తే లాభం కన్నా నష్టం ఎక్కువ. తలకు దెబ్బ తగలకుండా చూసుకోవాలి, గెంతనివ్వవద్దు, మూడు నెలలకోసారి రావాలి.

"ఉన్నది ఎన్ని దినాలు ఉంటది మేడం?" అని అడిగాడు బావ.

"చెప్పలేనండి. ఏళ్ల తరబడి ఉండొచ్చు. ఉండకపోవచ్చు."

తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్ల కాక నలుగురం ఉన్నాం. పిల్లను చూసుకోవడానికి అవ్వ కూడా మా వెంట వచ్చింది. అక్క కిటికీ తన ఎడమ పక్కన పడేలా సీటు చూసుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు ఊరు దాటగానే మొదలుపెట్టింది. "గదో బర్రెలు. గదో పచ్చలారీ. గదో నీళ్ల ట్యాంకు, ఎంత పెద్దగున్నదో చూడు." వేలితో గాజు మీద తట్టి చూపిస్తోంది. పిల్ల కళ్లజోడు గాజుకు తగిలేంత దగ్గరగా పెట్టి, తల వంచి చూస్తోంది. దానికి ఏది అందుతోందో, ఏది అందకముందే వెళ్లిపోతోందో మాకు తెలియదు. కొన్నింటికి "ఆఁ" అంటుంది. ఎక్కువ వాటికి ఏమీ అనదు.

"జర సేపు ఊకోరాదే, అలసిపోతవు" అన్నాడు బావ.

"నువ్వు పండుకో" అంది అక్క.

కరీంనగర్ దాటాక పిల్ల నిద్రపోయింది. పెద్దపల్లి దాటింది, గోదావరిఖని దాటింది. నిద్రలో నోరు కొంచెం తెరిచి, చెమటతో రబ్బరు పట్టీ కణతలకు అతుక్కుని ఉంది. వంతెన దగ్గరపడుతుంటే అక్క దాని బుగ్గ మీద తట్టింది. లేవలేదు. భుజం పట్టి కదిపింది. పిల్ల ఏడుపు ముఖం పెట్టి, కళ్లు తెరవకుండానే అక్క మెడలో తల దూర్చింది. మా అవ్వ నిద్రపోయే పిల్లను లేపనిచ్చే మనిషి కాదు. ఇంట్లో గిన్నె చప్పుడైనా కసురుతుంది. వెనక సీట్లో కూర్చుని, ముందు సీటు కడ్డీ పట్టుకుని చూస్తూ ఉంది.

"లే బిడ్డా" అంది అక్క, దాని గడ్డం పట్టి కిటికీ వైపు తిప్పుతూ. "గోదారి వచ్చింది. పండుకుందువు గానీ. ముందుగాల చూడు."

పిల్ల ఏడుస్తూనే కళ్లు తెరిచింది. అవ్వ ముందుకు వంగి, జారిన కళ్లజోడును తన వేలితో పైకి నెట్టింది.